పొలాల మీద లేచిన నగరం

కెనడాలో మా అమ్మాయి కుటుంబం కాపురముంటున్న ఊరి పేరు మిస్సిసాగా. టొరంటో మహానగరానికి పడమటి వైపున, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్నది. రెండు వేసవుల క్రిందట మేమిద్దరం అక్కడ కొన్ని వారాలు గడిపి వచ్చాము. బయలుదేరే ముందే ప్లాట్ల వ్యాపారులు ఊళ్ళో రోడ్డుపక్కనున్న మా రెండెకరాలకు బేరం పెట్టి ఉన్నారు. "ఇచ్చేయండి మామయ్యా, ఇంకా ఎన్నాళ్ళు కష్టపడతారు?" అన్నాడు అల్లుడు. ఆ మాట మనసులో పెట్టుకొనే విమానమెక్కాము.

దిగిన చోటే పొలం కథ మొదలైంది. టొరంటో విమానాశ్రయమని అందరూ పిలిచేది చాలావరకు మిస్సిసాగా హద్దుల్లోనే ఉంది. 1937లో మాల్టన్ గ్రామపు రైతుల భూములు కొని దాన్ని కట్టారు. తొలిరోజుల్లో ప్రయాణికులు కూర్చున్నది ఒక రైతు ఇంట్లోనేనట! ఇప్పుడది ఆ దేశంలోకెల్లా పెద్ద విమానాశ్రయం.

ఈ నగరం వయస్సు మన పిల్లల వయస్సే. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపి 1968లో పట్టణమన్నారు. పోర్ట్ క్రెడిట్, స్ట్రీట్స్‌విల్ అనే రెండు ఊళ్ళను కూడా చేర్చి 1974లో నగరం చేశారు. అంతకు ముందు సంవత్సరమే పొలాల నడుమ స్క్వేర్ వన్ అనే పెద్ద అంగళ్ళ సముదాయం తెరిచారు. బజారు ముందు వచ్చింది, ఊరు తరువాత దాని చుట్టూ పెరిగింది. 1976లో రెండున్నర లక్షలున్న జనం 2021 లెక్కల నాటికి 7,17,961. అది 2016 లెక్కకంటే కొద్దిగా తక్కువే. కట్టడానికి ఖాళీ నేల మిగలక ఇప్పుడు ఆకాశంలోకి కడుతున్నారు. అక్కడ మెలి తిరిగినట్లున్న రెండు మేడలున్నాయి, ఒకటి 56 అంతస్తులు. వాటికి జనం ఒక సినిమా నటి పేరు పెట్టుకొన్నారు. ఆ పేరు మనకెందుకు గాని, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది.

స్ట్రీట్స్‌విల్ మేయరుగా ఈ విలీనాన్ని ఎదిరించిన హేజెల్ మెకాలియన్ అనే ఆమె 1978లో అదే మిస్సిసాగాకు మేయరై, 2014 వరకు 36 ఏళ్ళు పాలించింది. 2023లో, 101 ఏళ్ళ వయస్సులో కన్నుమూసింది. ఆమె పదవిలోకి వచ్చిన మరుసటి ఏడు, నవంబరు 10 రాత్రి, క్లోరిన్, ప్రొపేన్ మోస్తున్న గూడ్సుబండి పట్టాలు తప్పి పేలింది. ఒక పెట్టె ఇరుసుకు కందెన చాలక వేడెక్కి చక్రాలు ఊడిపోయాయి. కందెన లేని ఇరుసు ఏమవుతుందో ఎడ్లబండి తోలినవారికి చెప్పనక్కరలేదు. రెండు లక్షల మందికి పైగా ఇళ్ళు విడిచి వెళ్ళారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

నగరసభ భవనం దగ్గర మేము ఎక్కువసేపు నిలబడ్డాము. 1987లో తెరిచిన ఈ భవనాన్ని పొలంలోని కమతం పోలికలో కట్టారు. గుండ్రని సభామందిరం ధాన్యపు గాదెలా, గడియారపు బురుజు గాలిమరలా, ముందరి భాగం కొట్టంలా ఉంటాయి. చుట్టూ చూస్తే ఒక్క సెంటు సాగుభూమి లేదు! మా మనవడు మాత్రం అదేమీ పట్టకుండా ముందున్న చావడిలో నీళ్ళలో గంతులేస్తున్నాడు.

ఆ రైతుల కంటె ముందు కూడా అక్కడ మనుషులున్నారు. ఊరు మధ్యగా పారే నది పేరు క్రెడిట్, అంటే అరువు. ఫ్రెంచి వర్తకులు అక్కడి ఆదివాసులకు సరుకు అరువిచ్చి, వసంతంలో తోళ్ళు జమ కట్టుకొనేవారట. ఆ ప్రజలే మిస్సిసాగాలు. 1805లో సరస్సు తీరపు నేల ఇంగ్లీషువారి చేతికి పోయింది. 1820 ఒప్పందాలతో నదికి ఇరువైపుల మిగుల్చుకొన్నదీ పోయి, సుమారు 200 ఎకరాలు నిలిచాయి. ఆ నేల మీద 1826లో మెథడిస్టు మిషను సహాయంతో ఒక గ్రామం కట్టుకొన్నారు: ఇళ్ళు, బడి, ప్రార్థనాలయం, దున్నిన చేలు. వారి సువార్తికుడు పీటర్ జోన్స్. తల్లి ఆ జాతి స్త్రీ, తండ్రి దేశాన్ని కొలిచిన సర్వేయరు. కీర్తనలను, మత్తయి సువార్తను తన ప్రజల భాషలోకి మార్చిన ఆ మనిషి, 1838లో ఇంగ్లండు వెళ్ళి, విక్టోరియా రాణిని చూసి, తమ భూమికి పట్టాలిమ్మని విన్నపం అందించాడు. పట్టాలు చేతికి రాలేదు. 1847లో ఊరంతా లేచి, మరొక ఆదివాసీ జాతి ఇచ్చిన నేలకు తరలిపోయింది. గ్రామమున్న చోట ఇప్పుడు గోల్ఫ్ మైదానం. మేము బయట నుండే చూశాము. గడ్డి బాగా కత్తిరించి ఉంది.

తిరుగు ప్రయాణంలో అల్లుడు మళ్ళీ ఆ రెండెకరాల మాటెత్తాడు. ఇంటికి వెళ్ళి చెబుతామన్నాము. వచ్చాక పట్టాదారు పుస్తకం తీసి, అట్ట చిరిగి ఉంటే అతికించి, మళ్ళీ పెట్టెలో పెట్టాము. అల్లుడికి జవాబు ఇంకా చెప్పలేదు. ఆ తొలకరికీ వరి నాటాము, ఈ తొలకరికీ నాటాము.