బతా రూములో పొట్టకి సూది

బతా తెలియనివాళ్ళకి ముందుగా రెండు ముక్కలు. రియాద్ పాత ఊళ్ళో ఉండే పెద్ద బజారు ఇది. అరబ్బీలో ఆ మాటకి వాగు పారే ఇసక నేల అని అర్థం. ఒకప్పుడు ఇక్కడ నిజంగానే వాగుండేదిట. దాన్ని కప్పేసి రోడ్డు వేశారు. ఇప్పుడా రోడ్డు మీద పారేది మనుషులే. శుక్రవారం సాయంత్రం చూడాలి, ఇసకేస్తే రాలనంత జనం. మలయాళీ హోటళ్ళు, డబ్బు పంపే కౌంటర్లు, సిమ్‌కార్డులు, కరివేపాకు, ఆవకాయ, అన్నీ దొరుకుతాయి. మందుల షాపులకైతే కొదవే లేదు. దొరకనిదల్లా ఒక్కటే. మందుపెట్టెలో తెలుగులో రాసిన కాగితం.

జ్వరం మాత్రకైతే ఇబ్బంది లేదు. పొద్దున్నొకటి, రాత్రొకటి అని వేళ్ళు చూపిస్తే సరిపోతుంది. నేను చెప్పబోయేది అలాంటి మందు కాదు. ఎనాక్సాపారిన్ అని, రక్తం గడ్డకట్టకుండా ఆపే సూదిమందు. క్లెక్సేన్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. అమెరికాలో లోవెనాక్స్ అంటారు. మందు నింపిన సిరంజిలే పెట్టెలో పెట్టి ఇంటికి పంపిస్తారు. ఇంటికి అన్నాను గానీ, బతాలో అది ఇల్లు కాదు. ఆరుగురుండే రూము.

ఆసుపత్రిలో నర్సు ఉంటుంది. రూములో ఆ ఉద్యోగం పక్కమంచం వాడికి పడుతుంది. అదీ సంగతి.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. కింద రాసిందంతా ఆ మందుకాగితంలో ఉన్నదీ, డాక్టర్లు రోజూ చెప్పేదీను. నేను చేసింది దాన్ని తెలుగులో పెట్టడం మాత్రమే. మీ మోతాదు మీ డాక్టరు రాసిందే, ఇక్కడ చదివింది కాదు.

ఇది రాయడానికి కారణం జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అన్న. కట్టడం పనిలో జారిపడి తొడ ఎముక విరిగింది. ఒక ఆసుపత్రిలో ఆపరేషను చేసి, రాడ్డు వేసి, రోజుకొకటి చొప్పున వాడమని 40 మిల్లీగ్రాముల సిరంజిల పెట్టె చేతిలో పెట్టి పంపించారు. డిశ్చార్జి కాగితం అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. చదివి పెట్టమని తెలిసినవాళ్ళ ద్వారా నన్ను పిలిపించాడు.

"సారూ, పొట్టకు సూదంటే కుక్క కరిసినోళ్లకే గదా ఇచ్చేది? నాకెందుకు రాసిండ్రు?"

నవ్వకండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం మన ఊళ్ళలో ఒక తరం మొత్తానికి ఉంది. ఆ పాత టీకాని మన దేశంలో 2005 నాటికే ఆపేశారు గానీ భయం మాత్రం పోలేదు. అందుకని సూది ఎలా వెయ్యాలో చెప్పేముందు, ఎందుకో చెప్పాల్సొచ్చింది.

కాలు విరిగి మంచం మీద ఉన్నప్పుడు పిక్క కండరాలు పనిచెయ్యవు. అవి నొక్కితేనే కాళ్ళలో రక్తం పైకి ఎక్కుతుంది. నడక లేకపోతే లోపలి రక్తనాళాల్లో రక్తం నెమ్మదించి గడ్డ కడుతుంది. దానికితోడు ఆపరేషను గాయం మాన్చడానికి ఒళ్ళే రక్తాన్ని తొందరగా గడ్డకట్టేలా చేస్తుంది. ఆ గడ్డ కాల్లోనే ఉంటే వాపు, నొప్పి. ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఈ సూది దాన్ని రానివ్వకుండా కాపలా కాస్తుంది.

మందు పుట్టుక కథ భలే ఉంటుంది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, గడ్డకట్టనివ్వని పదార్థాన్ని పట్టుకున్నాడు. బగ్గు కోసం వెతికితే ఫీచరు దొరికినట్టు! అది కుక్క కాలేయం నుంచి వచ్చింది. గ్రీకులో కాలేయాన్ని హెపార్ అంటారు కనుక, తర్వాత ఆయన ప్రొఫెసరు హోవెల్ హెపారిన్ అనే పేరు వాడుకలోకి తెచ్చాడు. హెపారిన్‌ని డ్రిప్పులో ఎక్కిస్తూ మాటిమాటికీ రక్తపరీక్ష చెయ్యాలి. ఆ పెద్ద అణువుని చిన్న ముక్కలు చేస్తే వచ్చిందే ఎనాక్సాపారిన్. అమెరికాలో 1993లో అనుమతి పొందింది. దీని పనితీరు ముందే అంచనా వెయ్యొచ్చు కాబట్టే ఆసుపత్రి దాటి రూముదాకా రాగలిగింది. రాగలిగింది సరే, చెప్పే మనిషి మాత్రం వెంట రాలేదు.

ఇక పద్ధతి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పడుకునో, వెనక్కి వాలి కూర్చునో, పొట్టకి కుడిపక్కో ఎడమపక్కో చోటు చూసుకోవాలి. బొడ్డుకి కనీసం 5 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఆపరేషను మచ్చ మీద, కమిలిన చోట వెయ్యకూడదు. బొటనవేలు, చూపుడువేలుతో చర్మం ముడత పట్టుకుని, సూదిని నిటారుగా పూర్తిగా దించి, నెమ్మదిగా ఆఖరిదాకా నొక్కాలి. సూది బయటికి వచ్చేదాకా ముడత వదలకూడదు. తర్వాత ఆ చోటు రుద్దకూడదు. రుద్దితే కములుతుంది. ఇవాళ కుడివైపు వేస్తే రేపు ఎడమవైపు.

సిరంజిలో చిన్న గాలిబుడగ కనిపిస్తుంది. అన్న రూములో అందరి భయమూ దానిమీదే. సినిమాల్లో విలన్ ఖాళీ సిరంజితో గాలెక్కించి చంపడం చూసి చూసి ఉన్నాం కదా. ఇది రక్తనాళంలోకి వేసే సూది కాదు, చర్మం కింద కొవ్వులోకి వేసేది. సిరంజిలో ఉన్నదంతా వెయ్యమన్నప్పుడు ఆ బుడగని వదిలెయ్యాలి. దాన్ని తియ్యబోతే మందు కూడా కారిపోయి మోతాదు తగ్గుతుంది. సిరంజిలో కొంతే వెయ్యమని రాస్తే మాత్రం లెక్క వేరు. అది ఎలాగో ఫార్మసిస్టుని మీ కళ్ళముందు చేసి చూపించమనండి.

తర్వాత ఎండ. ఈ మందుని 25 డిగ్రీలు దాటనివ్వొద్దని, గడ్డకట్టనివ్వొద్దని రాసి ఉంటుంది. రియాద్‌లో వేసవి 45 డిగ్రీలు. ఆగి ఉన్న కారులో సంగతి చెప్పక్కర్లేదు. ఏసీ గదిలో, కిటికీకి దూరంగా పెడితే చాలు. డీప్‌ఫ్రీజరులో ఎంతమాత్రం వద్దు.

సూది సరిగ్గా వేసినా ప్రమాదం పక్కనుంచి వస్తుంది. బతాలో అలాంటివి నాలుగు.

మొదటిది నొప్పిమాత్ర. బ్రూఫెన్, వోవెరాన్, ఆస్పిరిన్ లాంటివి ఈ సూదితో కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. ఊరినుంచి వచ్చేటప్పుడు మనం తెచ్చుకునే మందుల సంచిలో ఉండేవి సరిగ్గా అవే. డాక్టరు రాస్తే తప్ప ముట్టుకోవద్దు. రెండోది కండకి ఇచ్చే సూది. ఒళ్ళు నొప్పులని ఏ క్లినిక్కుకో వెళ్తే తుంటికి ఒకటి పొడిచి పంపుతారు. ఈ మందు మీద ఉన్నవాళ్ళకి కండలో రక్తం పేరుకోవచ్చు. ముందే చెప్పాలి. పళ్ళ డాక్టరుకీ చెప్పాలి.

మూడోది హిజామా. గాట్లు పెట్టి కప్పులతో రక్తం లాగడం ఇక్కడ బాగా వాడుకలో ఉన్న వైద్యం. మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకొద్దు. రక్తం పలచబడే మందు వాడుతున్న రోజుల్లో మాత్రం ఒంటిమీద గాట్లు పెట్టించుకోకూడదు. నాలుగోది నూనె మర్దన. కాలు వాచిందని రూములోవాళ్ళు ప్రేమగా పిసుకుతారు. ఆ వాపు గడ్డవల్ల వచ్చిందైతే పిసకడం ప్రమాదం.

ఇంకో చిక్కు, పేర్లు. ఇదే మందు ఇండియాలో వేరే వేరే పేర్లతో వస్తుంది. హైదరాబాదులో 1978లో మొదలైన గ్లాండ్ ఫార్మాకి పేరొచ్చింది హెపారిన్ మందులతోనే. మధ్యలో సెలవు మీద ఊరెళ్ళి, అక్కడ డాక్టరు మరో పేరుతో రాస్తే, రెండూ వేరనుకుని రెండూ వేసుకునే అవకాశం ఉంది. పాత పెట్టె పట్టుకెళ్ళి చూపించండి. ఒకరోజు సూది మరిచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి, అంతేగానీ ఒకేరోజు రెండు కూడదు. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానెయ్యనూ కూడదు. తుంటి కీలు మార్చినవాళ్ళకి ఐదు వారాలదాకా రాస్తారు. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గిస్తారు కాబట్టి ఆ మాట దాచొద్దు.

అన్న పక్కమంచం ఆయనది నిజామాబాద్. సూది వేసే పని తను చేస్తానన్నాడు గానీ, పెట్టె మీద ఏదో చదివి ఆగిపోయాడు.

"ఇది పంది నుంచి తీస్తరంట గదా సారూ?"

నిజమే. ఇవాళ హెపారిన్ ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తారు, ఎనాక్సాపారిన్ దాన్నుంచే వస్తుంది. దాచి లాభం లేదు. కువైట్‌లో 1995లో ఇస్లామిక్ ఆర్గనైజేషన్ ఫర్ మెడికల్ సైన్సెస్ జరిపిన సదస్సులో పండితులు ఈ విషయమే చర్చించి, పదార్థం స్వభావం పూర్తిగా మారిపోతే నిషేధం వర్తించదని తేల్చారు. అవసరానికి మినహాయింపు ఉండనే ఉంది. రోజా సంగతికొస్తే, ఆహారంగా ఎక్కించే సెలైన్లు తప్ప చర్మం కింద వేసే సూదులతో ఉపవాసం భంగం కాదని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో జెద్దాలో తీర్మానించింది. అప్పటికీ మనసొప్పకపోతే జంతువునుంచి కాకుండా తయారుచేసే ఫాండాపారినక్స్ అనే సూది ఉంది. అది సరిపడుతుందో లేదో డాక్టరే చెప్పాలి. అడగడం తప్పు కాదు. ఎవరికీ చెప్పకుండా సిరంజిలు చెత్తలో పడేసి, రోజూ వేసుకుంటున్నానని చెప్పడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఎప్పుడు పరిగెత్తాలి? సూది వేసిన చోట చిన్నగా కమిలితే కంగారు అక్కర్లేదు. ముక్కునుంచో చిగుళ్ళనుంచో రక్తం ఆగకపోయినా, మూత్రం ఎర్రగా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషను చేసినవాళ్ళకి కాళ్ళు కొత్తగా మొద్దుబారినా అంతే. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో అనుకోవాలి. సౌదీలో అంబులెన్సు నంబరు 997. ఒక్కోసారి ఈ మందువల్లే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అందుకే రక్తపరీక్షకి రమ్మన్న తేదీ తప్పించకూడదు.

మా ఉద్యోగాల్లో రాత్రి డ్యూటీవాడికి ఒక కాగితం అప్పజెప్పి వెళ్తాం. ఏది చెయ్యాలి, ఏది ముట్టుకోకూడదు, ఎవరికి ఫోను చెయ్యాలి అని. అన్న మంచం పక్క గోడకి అలాంటిదే తెలుగులో రాసి అంటించాం. తేదీ, టైము, కుడా ఎడమా, వేసిందెవరు అని నాలుగు గడులు. రూములో అందరికీ డ్యూటీలు వేరు కాబట్టి, ఒకడు వేసింది ఇంకొకడికి తెలియక రెండోసారి వేసే ప్రమాదం ఈ గడులతో తప్పుతుంది. మీకు తెలిసినవాళ్ళెవరికైనా ఈ సూది రాస్తే, ఆసుపత్రినుంచి బయటపడేలోపు మొదటి సూది నర్సు ఎదుట మనవాళ్ళ చేతే వేయించండి. మోతాదు, ఎన్నిరోజులు, ఏ మాత్రలు వద్దు, పరీక్ష ఎప్పుడు అన్నవి తెలుగులో రాసుకోండి.

వాడిన సిరంజిల సంగతి కూడా ఆ కాగితంలో రాశాం. కొన్నిటికి నొక్కగానే సూదిని మూసేసే తొడుగు వస్తుంది, కొన్నిటికి రాదు. ఏదైనా సరే నల్లకవర్లో పడెయ్యొద్దు. మూతున్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలోనో ఫార్మసీలోనో అడిగి అప్పజెప్పండి. పొద్దున్నే ఆ నల్లకవరు ఎత్తే చెయ్యి కూడా ఏ కరీంనగర్‌నుంచో, ఏ బంగ్లాదేశ్ పల్లెనుంచో వచ్చినవాడిదే.