వెలుగులో మెలిక

త్రీడీ సినిమా సగం అయ్యేసరికి పిల్లాడికి నిద్రొస్తుంది. కళ్లజోడు తీయకుండానే అమ్మ భుజమ్మీద తల వాల్చేస్తాడు. అయినా తెరమీది బొమ్మ చెదరదు. కారణం... చాలా హాళ్లలో ఇచ్చే ఆ జోడులో ఒక అద్దం కుడివైపు మెలితిరిగిన వెలుగునే రానిస్తుంది, రెండోది ఎడమవైపు మెలితిరిగినదాన్ని. తల వంచినంత మాత్రాన కుడి మెలిక ఎడమ మెలిక అయిపోదుగా!

దీన్నే వృత్తాకార ధ్రువణం అంటారు. ఇంటర్మీడియెట్‌లో మార్కుల కోసం బట్టీపట్టి మర్చిపోయే మాట. కానీ ఆ మెలిక ఉత్త ఆకారమేనా, లేక వెలుగు తనతో మోసుకెళ్లి ఎదురైనవాళ్ల చేతిలో పెట్టగల సరుకా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ఓ తెలుగు కుర్రాడున్నాడు.

ఆయన పేరు సూరి భగవంతం. 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో బీఎస్సీ చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడిన సంవత్సరమది. బౌబజార్ వీధిలోని ఆ ప్రయోగశాలలో అందరి పనీ ఒక్కటే... వెలుగును దేనిమీదో పడేయడం, చెదిరి పక్కకొచ్చిన దాన్ని పట్టి చూడడం.

భగవంతం, రామన్ కలిసి అందులోంచే ఓ పెద్దమాట బయటకు తీశారు. వాళ్ల తర్కం స్థూలంగా ఇదీ. కాంతికణం అంటే ఫోటాన్ ఒక అణువును ఢీకొంటుంది. అణువు తిరిగే తీరు మారకపోతే ఫోటాన్ తన మెలికతో తాను వెళ్లిపోతుంది. మారిందా, ఆ మార్పును ఎవరో ఒకరు భరించాలి. అణువు రెండు ప్రమాణాల తిరుగుడు పుచ్చుకుంటే ఫోటాన్ అంతా ఇచ్చుకోవాలి, అంటే ప్లస్ ఒకటి కాస్తా మైనస్ ఒకటి కావాలి. చెదిరిన వెలుగులో ఈ రెండు రకాలనూ విడదీసి, ధ్రువణంలో తేడా కొలిచారు. ఫోటాన్‌కు ఒక ప్రమాణం స్పిన్ ఉందని 1931లో ప్రకటించారు. అప్పటికి భగవంతం వయసు ఇరవై రెండు నిండీ నిండకుండా ఉంది! ఆ ఒక్క ప్రమాణం ఎంతంటారా... జూల్ సెకన్లలో రాస్తే దశాంశ బిందువు తర్వాత ముప్పై మూడు సున్నాలు పెట్టాక గానీ అంకె రాదు.

స్పిన్ అనగానే గిరగిరా తిరిగే బొంగరాన్ని ఊహించుకోకూడదు. బొంగరం అరచేతిలోకి వచ్చినప్పుడు తగిలే వడి ఉంటుందే, అలాంటిదన్నమాట.

ఆ వ్యాసంలో మరో విశేషముంది. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ కాంతి లెక్కలో రెండుతో హెచ్చవేయాల్సి వచ్చింది. ఎందుకో అచ్చయిన పత్రంలో వివరంగా లేదు. ఫోటాన్‌కు స్పిన్ ఉండొచ్చన్నదే బోస్ ఊహ అని, ఆ సంగతి ఆయనే తమకు చెప్పారని భగవంతం, రామన్ రాశారు. తమ ఘనత చెప్పుకునే చోట ఇంకొకరి వాటా ఇలా తీసి చూపించేవాళ్లు ఎందరుంటారు?

అయితే పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది 1936 నాటి ప్రయోగం. ప్రిన్స్‌టన్‌లో రిచర్డ్ బెత్ సన్నని క్వార్ట్జ్ పోగుకు క్వార్ట్జ్ పలక వేలాడదీసి, మెలితిరిగిన వెలుగు దాని గుండా పంపాడు. పలక కాస్త తిరిగింది! అంతే, వెలుగు తన తిరుగుడును వస్తువుకు ఇస్తుందని కంటికి కనిపించింది. కలకత్తా ఫలితాన్ని తరంగాల లెక్కతోనూ వివరించవచ్చు కాబట్టి బెత్‌కు పెద్దపీట వేయడం అన్యాయమేమీ కాదు. కాకపోతే అయిదేళ్ల ముందే అడిగిన కుర్రాడి పేరు పక్కన ఒక్క వాక్యంలోనైనా ఉండాల్సింది. మన పుస్తకాల్లోనైనా!

ఈ ఇచ్చిపుచ్చుకోవడం తర్వాత కొలబద్ద అయింది. ఇనుము పరమాణువులో 26 ఎలక్ట్రాన్లుంటే అయస్కాంతం మాట వినేవి సుమారు రెండే. ఆ రెండే చాలు. మెలితిరిగిన గామా కిరణాలు అలాంటి ఇనుములోంచి అయస్కాంతం ఒక దిశలో ఉంటే కాస్త ఎక్కువగా, తిరగేస్తే కాస్త తక్కువగా బయటికొస్తాయి. 1957 చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో గోల్డ్‌హేబర్, గ్రాడ్జిన్స్, సన్యార్ ఈ చిన్న తేడాతోనే న్యూట్రినోది ఎడమచేతి వాటమని తేల్చారు.

1990లలో స్టాన్‌ఫర్డ్‌లో దీన్నే తిరగేశారు. అక్కడ మెలిక తెలిసింది వెలుగుకు, తెలియాల్సింది ఎలక్ట్రాన్లకు. వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్ పుంజానికి ఎదురుగా ఆకుపచ్చ లేజర్ వేసి, కుడి మెలికకు ఎన్ని చెదిరాయో, ఎడమ మెలికకు ఎన్నో లెక్కపెట్టారు. ఆ తేడాను బట్టే పుంజం ధ్రువణం డెబ్భై శాతానికి పైనే ఉందని తెలిసింది.

భగవంతం మాత్రం 1932లోనే కలకత్తా వదిలి వాల్తేరు వచ్చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి.