పెరట్లో కెమెరా ఎవరు తిప్పారు?

ఈసారి పోస్టు మిర్చి ధర గురించి కాదు, తామర పురుగు గురించీ కాదు. కాస్త పెద్దదే. ఇంట్లోనో కల్లంలోనో కెమెరాలు పెట్టుకున్నవాళ్లు మాత్రం మధ్యలో వదలకుండా చదవండి.

పోయిన ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ఉన్నా. టిక్కీలు దించి కాటా కోసం నిలబడితే ఇంటి నుంచి మా ఆవిడ ఫోను.

"ఏమండీ, పెరట్లో కెమెరా మీరేనా తిప్పుతున్నది?"

"నేనెందుకు తిప్పుతా? ఫోను జేబులో ఉంది."

"మరి ఇందాక గేటు వైపు ఉన్నది బావి వైపు తిరిగిందండీ. అమ్మాయి బట్టలు ఉతుకుతుంటే అటే వచ్చి ఆగింది."

గాలికి తిరిగి ఉంటుందిలే అన్నా. అది మోటారుతో తిరిగే కెమెరా, గాలికి తిరగదని నాకూ తెలుసు. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. ఫోను పెట్టేసి యాప్ తెరిచా. నిజంగానే బావి గట్టు కనపడుతోంది. పక్కన కల్లం కెమెరా బొమ్మ మూలన మేము పెట్టుకున్న పేరు ఉండాలి. దాని చోట ఏవో అర్థం లేని అక్షరాలున్నాయి. వెంటనే ఆవిడకు ఫోన్ చేసి, "ముందు ఆ కెమెరా మీద గోనెసంచి కప్పెయ్యి" అన్నా. అప్పటికి నాకు తోచింది అదొక్కటే.

కెమెరాలు ఎందుకు పెట్టామో మీకు చెప్పక్కర్లేదు. పంట కల్లంలో ఆరబోశాక రాత్రిళ్లు నిద్ర ఉండదు. మా కల్లం ఊరి చివర, మేడ ఎక్కితే కనపడుతుంది. అందుకని మేడ మీద ఒక చిన్న డిష్, కల్లం దగ్గర స్తంభానికి ఇంకొకటి పెట్టి, అక్కడి రెండు కెమెరాలను ఇంట్లో డీవీఆర్‌కు కలిపారు. గేటుకు ఒకటి, పెరట్లో ఒకటి, మొత్తం నాలుగు. పెట్టిన కుర్రాడు మంచివాడే, పని శుభ్రంగా చేశాడు. "బాబాయ్, యార్డులో కూర్చుని కూడా చూసుకోవచ్చు" అని రూటర్‌లో ఏదో నొక్కి పోయాడు. దానికోసం నెట్ వాళ్ల దగ్గర స్టాటిక్ ఐపీ అని ఏడాదికి విడిగా డబ్బు కూడా కట్టా.

ఆయన నొక్కినదాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. ఇంటి నెట్‌కు రూటర్ గట్టు లాంటిది. లోపలి నుంచి అడిగితేనే బయటి నుంచి జవాబు వస్తుంది, ఊరికే ఎవరో వచ్చి లోపలికి దిగలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ గట్టుకు గండి కొట్టి, ఎవరు వచ్చినా తిన్నగా డీవీఆర్ దగ్గరకు పంపెయ్యమని చెప్పడం. ఆ గండిలోంచి నేను వస్తున్నానా ఇంకెవరైనా వస్తున్నారా అని రూటర్ చూడదు. చూడాల్సింది డీవీఆర్ పాస్‌వర్డు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఇదే కంప్యూటర్ల పనిలో ఉన్నాడు. యార్డులోంచే వాడికి ఫోన్ కొట్టా.

"మామయ్యా, పాస్‌వర్డు ఏంటి?"

"ఆ అబ్బాయి పెట్టిందేరా. అడ్మిన్, ఒకటి నుంచి ఐదు దాకా."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అత్తయ్యకు చెప్పి రూటర్‌లో నెట్ వైరు పీకించండి. డీవీఆర్ మాత్రం ఆపొద్దు, రీసెట్ కొట్టొద్దు" అన్నాడు. ఎందుకంటే లోపలికి ఎవరు వచ్చారో డీవీఆర్ రాసుకుంటుంది. రీసెట్ కొడితే ఆ లెక్క పోవచ్చు. మీకెవరికైనా ఇలా జరిగితే ముందు ఆ లాగ్ పేజీలను ఫోనుతో ఫొటోలు తీసుకోండి, ఆ తర్వాతే మిగతా పని. మేము ఆ ఫొటోలతోనే సైబర్ ఫిర్యాదు పెట్టాం.

నాకు మొదట వచ్చిన అనుమానం ఊళ్లోవాళ్ల మీద. దాచుకోను, ఇద్దరి పేర్లు మనసులో మెదిలాయి కూడా. ఒకరితో గట్టు తగాదా ఉంది. మేనల్లుడు నవ్వి, వాళ్లకు మన ఊరి పేరు కూడా తెలియక్కర్లేదు మామయ్యా అన్నాడు. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లు. ఎక్కువ అనిపిస్తుంది గానీ, మంచి లైనున్న ఒక్క కంప్యూటరు వాటన్నిటి తలుపూ గంట లోపు తట్టి రాగలదు. తలుపు తీసున్న పరికరాలను వెతికి చూపించడానికి షోడాన్ అనే సైటే ఉంది, 2009 నుంచి.

2016లో మిరాయ్ అని ఒకటి వచ్చింది. అది చేసిన పని వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే యూజర్ నేమ్, పాస్‌వర్డు జతలు ఒక 60కి పైగా పెట్టుకుని, దొరికిన కెమెరాకల్లా, డీవీఆర్‌కల్లా అవే వేసి చూడటం. అంతే. అలా లక్షల పరికరాలు దాని చేతికి వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో అలాంటి పరికరాలన్నీ ఒక్కసారిగా డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. ఆ కెమెరాల సొంతదారులకు తమ కెమెరా ఆ పని చేస్తోందని తెలిసి ఉండదు.

మన మోటారు స్టార్టర్ సంగతి గుర్తు తెచ్చుకోండి. మొబైల్ స్టార్టర్ పెట్టగానే మన నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు రిజిస్టర్ చేస్తాం, వేరే ఎవరు రింగ్ ఇచ్చినా మోటారు ఆడకూడదని. బోరు మోటారుకు తీసుకున్న ఆ జాగ్రత్త ఆడపిల్ల తిరిగే పెరట్లో కెమెరాకు తీసుకోలేదు నేను. ఆ మాట మా ఆవిడ అనలేదు. అంటే బాగుండేది.

ఆ శనివారం మేనల్లుడు వచ్చాడు. మా అబ్బాయి బీటెక్‌లో వాడిన లాప్‌టాప్ అటక మీద పడి ఉంది, కీబోర్డులో నాలుగు మీటలు లేవు. దాన్ని దించి డెబియన్ అనే లైనక్స్ ఎక్కించాడు. కొత్తగా కొన్నది పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ ఒక్కటే. మూత వేసినా ఆగిపోకుండా సెట్ చేసి రూటర్ పక్కన పెట్టాడు. కరెంటు పోతే దాని బ్యాటరీయే దానికి ఇన్వర్టరు. రూటర్‌కు మాత్రం 12 ఓల్టుల చిన్న యూపీఎస్ కొన్నాం.

తర్వాత గండ్లు పూడ్చే పని. మీరూ చెయ్యొచ్చు, చూడండి. ఫోనులో 192.168.1.1 కొడితే చాలా రూటర్ల పేజీ వస్తుంది, కొన్నిటికి వేరే నంబరు, రూటర్ కింద రాసి ఉంటుంది. అందులో పోర్ట్ ఫార్వర్డింగ్ లిస్టు ఖాళీగా ఉండాలి. డీఎంజెడ్ ఆపి ఉండాలి. యూపీఎన్‌పీ కూడా ఆపండి, అది ఉంటే లోపలి పరికరం మనల్ని అడగకుండానే తనకు తాను గండి కొట్టించుకుంటుంది. రూటర్ పాస్‌వర్డు కూడా కొత్తది పెట్టండి. మా రూటర్‌ది పెట్టె వెనక అతికించినదే ఉంది, మూడేళ్లుగా.

గండి పూడ్చాక యార్డు నుంచి కల్లం ఎలా చూడాలి? లాప్‌టాప్‌లో, మా ఇద్దరి ఫోన్లలో టెయిల్‌స్కేల్ అని ఒకటి పెట్టాడు. దాని లోపల పని చేసేది వైర్‌గార్డ్, 2020 నుంచి లైనక్స్‌లోనే భాగంగా వస్తోంది. ప్రతి ఫోనుకూ ఒక తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవి లేనివాడు బయట నుంచి ఎంత తట్టినా వైర్‌గార్డ్ కాదని కూడా అనదు, అసలు పలకదు. మన ఫోను మాత్రం ఎక్కడున్నా ఇంట్లో ఉన్నట్టే లెక్క. సొంతానికి వాడుకుంటే డబ్బు లేదు. స్టాటిక్ ఐపీ కూడా అక్కర్లేదు, అది మానేశా. ఫోన్లను కలిపే చిట్టా మాత్రం ఆ కంపెనీ దగ్గరే ఉంటుంది, తాళంచెవులు మన దగ్గరే ఉంటాయి. అదీ వద్దనుకుంటే సొంతంగా నడుపుకునే దారి ఉందట, నాకు అంత ఓపిక లేదు. ఆ ఖాతాకు రెండో ఓటీపీ మాత్రం పెట్టించా.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసేవాళ్లు, మాకు గండి లేదు కదా అంటారు. నిజమే, లేదు. కానీ మీ బొమ్మకు దారి చూపేది కెమెరా కంపెనీ సర్వరు. కనీసం పాస్‌వర్డు మార్చండి, కెమెరా పెట్టినవాడికి కూడా తెలియనిది పెట్టండి.

మేము డీవీఆర్‌ను రీసెట్ చేసి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పాస్‌వర్డు మార్చాక, దాని నెట్‌వర్క్ పేజీలో గేట్‌వే అన్న గడిలో ఉన్న నంబరు తీసేశాం. ఇక అది ఇంటి నెట్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడుతుంది గానీ గట్టు దాటే దారి దానికి తెలియదు. మా ఫోన్లు లాప్‌టాప్ మీదుగా వస్తాయి కాబట్టి మాకు ఇబ్బంది లేదు. ఇది చాలా నచ్చింది నాకు, తాళ్లు విప్పి కొట్టాన్నే మూసేసినట్టు. కానీ రెండు నెలలు పోయాక చూస్తే డీవీఆర్ గడియారం నాలుగు నిమిషాలు వెనకబడింది. ముందు టైమును నెట్ నుంచి దిద్దుకునేది, ఇప్పుడు ఆ దారి లేదు. కల్లంలో దొంగతనం జరిగి పోలీసుల దగ్గరకు వీడియో తీసుకెళ్తే నాలుగు నిమిషాల తేడా చిన్న విషయం కాదు. మేనల్లుడు అక్కడి నుంచే లాప్‌టాప్‌లోకి వచ్చి, టైము చెప్పే పని కూడా దానికే అప్పగించాడు. లాప్‌టాప్‌లోకి పాస్‌వర్డుతో ఎవరూ రాలేరు, తాళంచెవి ఉన్నవాళ్లే రావాలి. అప్‌డేట్లు దానంతటదే వేసుకుంటుంది.

లాప్‌టాప్ ఎలాగూ ఉంది కదా అని పాస్ పుస్తకాలు, ఈసీలు, కాటా చిట్టీలు, కమీషన్ కొట్టు బిల్లులు అన్నీ ఫొటోలు తీసి అందులో వేశాం. ఇంకో నకలు బీరువాలో హార్డ్ డిస్క్ మీద, మూడోది తాళం వేసి మేనల్లుడి ఇంట్లో. ఒక రోజు ఊరికే పరీక్షకు బీరువా డిస్క్ తెరిస్తే ఖాళీ! వైరు సరిగా ఆనక, నెల రోజులుగా నకలు డిస్క్ మీదకు పోకుండా లాప్‌టాప్‌లోనే పడుతోంది. అప్పటి నుంచి నెలకోసారి ఒక ఫైలు తెరిచి చూస్తున్నా. ఈలోగా కల్లం కేబుల్ ఎలుకలు కొరికేశాయి, వాటికి ఏ పాస్‌వర్డూ అడ్డం రాదు. ఇప్పుడు పైపులో వేశాం.

ఇంత చేశాక కూడా మా ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. "ఎన్నాళ్ల నుంచి చూస్తున్నారండీ?" అని. డీవీఆర్‌లో లాగ్ మూడు వారాల వరకే ఉంది, అంతకు ముందుది కొత్త లెక్క పడి చెరిగిపోయింది. ఆ మూడు వారాల్లోనే మావి కాని అడ్రసుల నుంచి పదకొండు సార్లు లోపలికి వచ్చి ఉన్నారు. కెమెరా తిప్పారు కాబట్టి తెలిసింది. తిప్పకుండా చూసి పోయినవాళ్ల సంగతి ఎవరు చెప్తారు? మేనల్లుడు కూడా తల దించుకున్నాడు.

మీలో కెమెరాలున్నవాళ్లు ఇవాళ రాత్రి ఒక పని చెయ్యండి. రూటర్ పేజీలో వాన్ ఐపీ అని ఉన్న నంబరు రాసుకోండి. ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ నంబరు బ్రౌజర్లో కొట్టండి. మీ డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చిందంటే అది ఊరందరికీ వస్తున్నట్టే. ఏమీ రాకపోయినా నమ్మకం పెట్టుకోకండి, గండి వేరే పోర్టులో ఉండొచ్చు, రూటర్ లిస్టు కూడా చూడండి. తెలియకపోతే కామెంటులో అడగండి, నాకు తెలిసింది చెప్తా. ఐపీ నంబరు, పాస్‌వర్డు మాత్రం కామెంటులో పెట్టకండి.

కల్లం కెమెరాలు, గేటు కెమెరా మళ్లీ నడుస్తున్నాయి. పెరటిది మాత్రం మా ఆవిడ తిరిగి పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఎవరూ రాలేరని మేనల్లుడు, నేను ఇద్దరం చెప్పాం. సరేలే అంది, గోనెసంచితో సహా దాన్ని తీసి అటక మీద, లాప్‌టాప్ ఖాళీ చేసిన చోట పెట్టింది.