ఒడి దిగిన టోగెపీ

అరవై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి కార్టూను బొమ్మని చూసి కళ్ళు తుడుచుకుందంటే ఎవరైనా నవ్వుతారు. మా వారు నవ్వారు కూడానూ. "ఉల్లిపాయలు తరుగుతున్నానండీ" అన్నాను. నా ఒళ్ళో ఉన్నవి చిక్కుడుకాయలు!

సంగతేమిటంటే, వేసవి సెలవులకి వచ్చిన మనవడు పాత పోకెమాన్ భాగాలు వరసపెట్టి చూస్తున్నాడు. ఆ పేరు వినగానే మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు గుర్తుకొచ్చే ఉంటారు. 1997లో జపాన్‌లో మొదలైన ఈ బొమ్మల కథ, 2003లో కార్టూన్ నెట్‌వర్క్ పుణ్యమా అని మన ముందుగదుల్లోకి వచ్చింది. అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. బడి నుంచి రావడమేమిటి, సంచీ ఒక మూల, బూట్లు ఒక మూల, తను టీవీ ముందు! "ఉప్మా చల్లారిపోతోందే" అని వంటింట్లోంచి కేకలెయ్యడమే గాని, ఆ పెట్టెలో ఏం జరుగుతోందో నేను చూసిన పాపాన పోలేదు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా ఇప్పుడు చూశాను.

కథ తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. యాష్ అనే కుర్రాడు, మిస్టీ అనే అమ్మాయి, బ్రాక్ అనే కాస్త పెద్దవాడు ముగ్గురూ కలిసి ఊళ్ళు తిరుగుతూ ఉంటారు. వాళ్ళ వెంట పోకెమాన్‌లనే వింత ప్రాణులు. కొన్ని నిప్పులు కక్కుతాయి, కొన్ని నీళ్ళు చిమ్ముతాయి. వాటిలో చాలావాటికి ఎదగడమంటే మన పిల్లల్లాగా ఏడాదికి రెండంగుళాలు కాదు. ఏదో ఒక ఘడియలో ఒళ్ళంతా వెలుగు కమ్ముకుంటుంది. ఆ వెలుగు తగ్గేసరికి రూపమే మారిపోయి ఉంటుంది.

వాటన్నిట్లోకీ నా మనసు పట్టుకున్నది టోగెపీ. ఒక లోయలో యాష్‌కి ఒక గుడ్డు దొరుకుతుంది. బ్రాక్ దాన్ని చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటాడు. టీమ్ రాకెట్ అనే దొంగల ముఠా ఎత్తుకుపోతే, ఆ ముఠాలో మాటలు నేర్చిన పిల్లి ఒకటుంది, మియావ్త్ అని, అది దొంగసొత్తన్న సంగతే మర్చిపోయి గుడ్డుని కావలించుకుని పడుకుంటుంది. ఇంతమంది ఇన్ని చేస్తే, తీరా పిల్ల కళ్ళు తెరిచి మొట్టమొదట చూసింది మిస్టీని. ఇంకేముంది, ఆమే అమ్మ! నాకు దొరికిందని ఒకరు, నేను కాపాడానని ఒకరు, నేను వెచ్చగా ఉంచానని ఒకరు పోటీలు పెట్టుకున్నారు. పోటీ పోటీయే, పిల్ల మాత్రం మిస్టీ చేతుల్లోకే వెళ్ళింది.

ఇది వట్టి కల్పన అనుకోకండి. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్, గుడ్డులోంచి వచ్చిన పెద్దబాతు పిల్లలు ఎదురుగా ఉన్న తననే తల్లి అనుకుని వెంటపడి నడవడం చూసి, 1935లోనే దాని గురించి రాశాడు. 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మా అమ్మమ్మకి ఏ బహుమతీ రాలేదు గాని, ఆవిడకీ ఈ సంగతి తెలుసు. బాతు గుడ్లు కోడి కింద పొదగేసేది. పిల్లలన్నీ బుద్ధిగా కోడి వెనకే తిరిగేవి. అయితే చెరువు కనపడిందో, ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి దిగిపోయేవి. పాపం, ఆ కోడి గట్టుమీద నిలబడి ఒకటే గోల! అప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ కోడి బాధ నాకు బాగా తెలుసు.

టోగెపీ పుట్టిందే గాని పెంకు విడవలేదు. తెల్లటి పెంకు మీద ఎర్రవీ నీలంవీ ముక్కోణాల మచ్చలు. ఆ పెంకే దానికి చొక్కా. అందులోంచి బుల్లి చేతులూ, బుల్లి కాళ్ళూ, నెత్తిన కిరీటంలాగా కొసలు. తన భాషలో ముద్దుముద్దుగా తన పేరే చెప్పుకుంటుంది. 1998 నుంచి 2003 దాకా, కొండలెక్కినా వాగులు దాటినా మిస్టీ దాన్ని గుండెలకి హత్తుకునే తిరిగింది. మిగిలిన పోకెమాన్‌లన్నీ యుద్ధాలు చేస్తుంటే, ఇది మటుకు ఒడిలోంచి తమాషా చూసేది. దాన్ని పోరాటానికి పంపాలన్న ఆలోచనే ఆ తల్లికి రాదు.

నాకూ రాలేదు. మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. పుట్టినప్పుడు కిలో తొమ్మిదివందలు. దానికి తోడు ఉబ్బసం. పదేళ్ళొచ్చేదాకా చెవులకి గుడ్డ కట్టకుండా చలిగాలికి పంపలేదు. కాలేజీకి వెళ్ళే రోజుల్లో కూడా గొడుగు నేనే సంచీలో పెట్టేదాన్ని. పెంకు దానిది కాదు, నేను తొడిగింది.

అన్నట్టు, టోగెపీ దగ్గర ఒక విద్య ఉంది. మెట్రోనోమ్ అంటారు. సంగీతం నేర్చుకునేవాళ్ళు తాళం తప్పకుండా పెట్టుకునే పరికరం పేరే అది. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఈ బుల్లిది చేతులు అటూ ఇటూ ఊపుతుంది. ఏం జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు గాని, ఏదో ఒకటి జరిగి అందరూ గట్టెక్కుతారు. తమాషా ఏమిటంటే, చాలాసార్లు మిస్టీకి ఆ సంగతే తెలియదు! "అమ్మయ్య, ఎలాగో బయటపడ్డాం" అనుకుంటుంది. చూస్తున్న మనకి తెలుసు. మోస్తున్న తల్లికి తెలియదు. మనవడు ప్రతిసారీ "మామ్మా, టోగెపీయే చేసింది, మిస్టీ చూడలేదు!" అని చప్పట్లు కొట్టేవాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను అప్పటికి.

ఈ కథలో పిల్లల ఎదుగుదల ఎన్ని రకాలో చూడండి. పికాచుకి ఒక రాయి తాకిస్తే చాలు, ఎదిగి రైచు అయిపోతుంది. అది వద్దంటుంది, నేను నాలాగే ఉంటానంటుంది. అలాంటి పిల్లలున్నారు. యాష్ దగ్గరున్న చిన్న నిప్పు బల్లి ఎదిగి ఎదిగి చారిజార్డ్ అయ్యేసరికి ఎవరి మాటా వినదు. చెప్పింది చెయ్యదు సరికదా, పడుకుని నిద్రపోతుంది. అలాంటి వాళ్ళూ ఉన్నారు, పేర్లు చెప్పను, మా వాడు ఇది చదువుతాడు. టోగెపీ దారి వేరు. 1999లో వచ్చిన పోకెమాన్ ఆటల్లో దాని లెక్క ఇంకా బాగుంది. రాళ్ళూ రప్పలూ తాకిస్తే అది ఎదగదు. పెంచినవాళ్ళతో స్నేహం బాగా ముదిరితేనే ఎదుగుతుంది. అంటే గుండెలకి హత్తుకున్న ప్రతి రోజూ దాని ఖాతాలో జమ అవుతూనే ఉందన్నమాట.

ఆ జమ ఎక్కడ ఖర్చయిందో చెబితే, నా చిక్కుడుకాయల సంగతి మీకు అర్థమవుతుంది.

మిస్టీ అక్కలు ముగ్గురూ ప్రపంచయాత్రకి బయల్దేరడంతో, ఊళ్ళో ఉన్న వ్యాయామశాల చూసుకోవడానికి ఆమె స్నేహితులని విడిచి ఇంటికి వెళ్ళిపోతుంది. తర్వాత మళ్ళీ వాళ్ళని కలిసినప్పుడు అందరూ ఎండమావుల రాజ్యం అనే చోటికి చేరతారు. ఆ ఎండమావి అవతల టోగెపీల లోకం ఒకటుంది. అక్కడికి ఒక దురాశాపరుడు జొరబడతాడు. తనవాళ్ళకి ముప్పు వచ్చిన ఆ ఘడియలో, ఎన్నడూ ఒడి దిగని టోగెపీని వెలుగు కమ్ముకుంటుంది. టోగెటిక్ అవుతుంది. మెడ సాగుతుంది, వీపున రెండు చిన్న రెక్కలు. ఒంటి మీద ఆ ఎర్రవీ నీలంవీ మచ్చలు మాత్రం అలాగే ఉంటాయి. ఎంత ఎదిగినా గుడ్డు గుర్తులు పోలేదు. గండం గడిచాక అది మిస్టీతో తిరిగి రాదు. ఆ పసివాటికి కాపలాగా అక్కడే ఉండిపోతుంది. ఇన్నేళ్ళూ మోసిన మిస్టీ, ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంది.

మా అమ్మాయి నర్సు. పోయిన ఏడాది పాడేరు వైపు ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకి వెళతానంది. "ఆ చలికి నీ ఊపిరి ఏమవుతుంది?" అన్నాను. "అక్కడ నీకెవరున్నారు?" అన్నాను. సంబంధాలు చూస్తున్న వేళ ఇదేం పని అన్నాను. రెండు రోజులు అన్నం మానేశాను కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను. అది ఒకటే మాట అంది. "రెండున్నర కిలోలు లేకుండా పుట్టే పిల్లల్ని తల్లి గుండెకి ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టి వెచ్చగా ఉంచితే బతుకుతారమ్మా. అది తల్లులకి దగ్గరుండి నేర్పాలి. నన్ను నువ్వు అలాగే కదా బతికించావు?"

కంగారూ మదర్ కేర్ అంటారుట దాన్ని. 1978లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో మొదలుపెట్టారుట. నేను కంగారునీ ఎరగను, కొలంబియానీ ఎరగను. భయంతో రవికెలోపల దాచుకున్నాను, అంతే. ఆ దాచుకున్నదే ఇప్పుడు రెక్కలై నన్ను విడిచి పోతుంటే, ఏడవాలో గర్వపడాలో తెలియక సూట్‌కేసులో జాడీలు సర్దాను. ఆవకాయ ఒకటి, గోంగూర ఒకటి. బస్సు కదిలేదాకా మాత్రం దాని మొహం చూడలేదు.

తరవాత జరిగింది వినండి. నాకు రక్తపోటు మాత్ర రాత్రిపూట వేసుకోవాలి. ఆరేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. "నా జ్ఞాపకశక్తి చూశావా" అని పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. పాలు తోడు పెట్టేటప్పుడు, గిన్నె మూత మీద మాత్ర, పక్కన గ్లాసుడు నీళ్ళు ఉండేవి. పగలు ఎప్పుడో నేనే పెట్టి ఉంటాననుకునేదాన్ని. అది వెళ్ళిన రోజు రాత్రి మూత మీద మాత్ర లేదు. మర్నాడూ లేదు. మూడోరోజు తల తిరిగి వంటింటి గడప పట్టుకున్నాక గాని వెలగలేదు, ఆ మాత్ర పెడుతున్నది ఎవరో! చేతులు అటూ ఇటూ ఊపింది ఒడిలోని పిల్ల. "అమ్మయ్య, ఎలాగో నెట్టుకొస్తున్నాను" అనుకున్నది నేను.

మోస్తున్నది నేనేననుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరు ఎవరిని మోస్తున్నారో లెక్క తేలడానికి ఒకరు ఒడి దిగాల్సి వచ్చింది.

అందుకే మొన్న ఎండమావుల రాజ్యం భాగం చూస్తూ చిక్కుడుకాయల మీద కన్నీళ్ళు పెట్టుకున్నాను. రాత్రి అమ్మాయికి ఫోను చేసి, "టోగెపీకి రెక్కలొచ్చిన భాగం గుర్తుందా?" అని అడిగాను.

అది పకపకా నవ్వింది. "గుర్తులేకేం! రెక్కలొచ్చేసరికి నువ్వు వచ్చి టీవీ కట్టేశావు, ఉప్మా తినలేదని. ఆఖరున ఏమైందో నేను చూడనే లేదమ్మా. ఏమైంది?"

కాసేపు నాకు మాట రాలేదు. అవతల వార్డులో ఎవరిదో పసిబిడ్డ సన్నగా ఏడుస్తోంది.

"ఏమవుతుంది? దాని పని ఉన్నచోట అది ఉండిపోయింది. మిస్టీ ఇంటికి వచ్చేసింది" అన్నాను.

"మిస్టీ ఏడ్చిందా?"

"ఏడిస్తే మటుకు ఏం, తీసుకురాలేదుగా" అన్నాను. "నువ్వు చెవులకి గుడ్డ కట్టుకుంటున్నావా?"

"కట్టుకుంటున్నాను గాని, నువ్వు మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను" అన్నాను. గిన్నె మూత మీద నేనే పెట్టుకున్నాను, నేనే వేసుకున్నాను. ఈసారి అబద్ధం కాదు.