చలిదినములలో కుక్కతో షికారు

చికాగో నగరమునకు కాపురము వచ్చిన తొలి శీతకాలమున మేము చేసిన తెలివితక్కువ పనిని మీకు విన్నవించుకొనుచున్నాము. మా యింట నొక కుక్క కలదు. మంచు కురిసినను దానిని రెండుపూటల బయట త్రిప్పక తప్పదు. చీర విడుచుట చిన్నతనముగా తోచి, నూలుచీరపై శాలువ కప్పుకొని బయలుదేరితిమి. కుచ్చెళ్లు మంచులో తడిసి బిగిసినవి. కాలు జారి పడితిమి. మొద్దుబారిన వ్రేళ్లనుండి గొలుసు జారగా కుక్క బండ్లదారికి పరుగెత్తెను. అదృష్టవశమున నొక బాటసారి దానిని పట్టి తెచ్చెను. ఆ గుండెదడ నేటికిని మరువలేదు.

పిమ్మట మేము నేర్చిన దిది. నూలు తడిని పట్టియుంచి ఒడలిని చల్లబరచును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదన మిచ్చును. ఒక్క దళసరి కోటుకంటె పొరలుగా ధరించుట మేలు. పొరల నడుమ నిలిచిన గాలియే చలి నాపును. లోపల పలుచని ఉన్నిచొక్కా, దానిపై స్వెట్టరు, అన్నిటిపైన గాలి చొరని కోటు, కాళ్లకు జారని బూట్లు ఉండవలెను. వ్రేళ్లన్నియు నొక్కచో నిముడు చేతితొడుగు మరింత వెచ్చన. దారిపై చల్లిన ఉప్పు కుక్క పాదములను మండించును గాన, ఇల్లు చేరగనే వానిని గోరువెచ్చని నీట కడుగవలెను. 2019 జనవరి 30న అచట చలి సున్నకు దిగువ 30 డిగ్రీలకు దిగెను. అట్టి దినమున వాకిటినుండియే మరలుట వివేకము.

అందమును మాత్రము విడువలేదు. అమ్మ పాత పట్టుచీర చెంగును కోటు మెడపట్టీకి లోపల కుట్టుకొంటిమి. మెడకు మెత్తన, కంటికి ఇంపు. మనలను నమ్మి నడచు మూగప్రాణిని కాపాడ నేర్చిన దుస్తే మర్యాదగల దుస్తని యిపుడు మా నమ్మకము.