వేళకు పొంగే ఏరు

గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి గనక, నదులన్నీ తమకు తోచినప్పుడు పొంగి, తోచినప్పుడు తగ్గుతాయనే యెరుగుదును. వేళలు ప్రకటించి మరీ పొంగే ఏటిని 2023 జూలైలో వేల్సు దేశంలో చూశాను. పేరు ట్రవెరిన్. పైన లిన్ కెలిన్ జలాశయం, కింద బాలా పట్టణం. మధ్య కొద్ది మైళ్ళ పరుగు, అంతే. వేసవిలో చుట్టుపక్కల వాగులు రాళ్ళు తేలి పడివుంటే, ఆనకట్ట నుంచి నీళ్ళు వదలబట్టి యిది మాత్రం నురగలు కక్కుతూ వుంటుంది. అంచేత దోనెలు నడిపే కుర్రకారంతా యిక్కడికే చేరుతారు. 1981లో ప్రపంచ పోటీలు కూడా యిక్కడ జరిగాయి.

మమ్మల్ని తీసుకుపోయింది లివర్‌పూల్‌లో చదువుకుంటున్న మా బావమరిది కొడుకు. వాడు దోనెలో మోకాళ్ళమీద కూర్చుని, ఒంటి తెడ్డుతో దిగాడు. ఏటిపైన తీగలకు జంట గడలు వేలాడుతుంటాయి. పచ్చవాటి మధ్యనుంచి వాలుకు దిగాలి. యెర్రవాటి మధ్యకు యెదురెక్కాలి. పోటీలో గడ తగిలితే 2 సెకన్లు, గడల జంటను తప్పిపోతే 50 సెకన్లు శిక్ష. బండ వెనక నీరు యెదురు తిరిగి నెమ్మదిస్తుంది. అక్కడ దోనె ముక్కు పెట్టి, వాటంగా ఒరిగితే, ఏరే దాన్ని తిప్పి నిలబెడుతుంది. బలంతో కాదుట పని, ఒరగడంతో!

నేను రబ్బరు తెప్ప యెక్కాను. ప్రబంధాలు చెప్పుకు బతికే మనిషి, బిగుతు దుస్తులు, నెత్తిన టోపీ! మా ఆవిడ ఒడ్డున నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మొదటి దుముకులోనే చన్నీళ్ళు నోట్లోకి కొట్టాయి. తర్వాత యేం కేకలు వేశానో తెలియదు గాని, ఆ పదినిమిషాల్లో నాకు పదేళ్ళ వయసే సుమండీ.

పైకి వచ్చేసరికి మా ఆవిడ నవ్వడంలేదు. జలాశయం కథ మావాడు చెప్పాడు కాబోలు. లివర్‌పూలు నీళ్ళకోసం ఆనకట్ట కడతామన్నారు. వేల్సు సభ్యులు దాదాపు అందరూ కాదన్నా, 1957లో పార్లమెంటు సరేనంది. 1965లో కాపెల్ కెలిన్ అనే వూరు మునిగింది. బడి, తపాలాఫీసు, ప్రార్థనాలయం, పొలాలు, అన్నీ. 2005లో లివర్‌పూల్ నగరపాలక మండలి క్షమాపణ చెప్పింది. యిక్కడ వదిలిన నీరు డీ నదిలో కలిశాక, చాలా దిగువన తోడుకుంటారు.

మా అత్తగారిది శ్రీశైలం ముంపు వూరు. యిక్కడ పోటీలు జరిగిన ఆ 1981లోనే అక్కడ సంగమేశ్వరం నీళ్ళలోకి వెళ్ళింది. ఎండాకాలం జలాశయం బాగా తీస్తే గుడి బయటపడుతుంది. ఆవిడ వెళ్ళి దణ్ణం పెట్టుకుని, తమ వూరివైపు చెయ్యి చూపి, అదుగో మా వంటిల్లు అంటుంది. మాకు నీళ్ళే కనిపిస్తాయి.

"ఆ వూరివాళ్ళు యిక్కడికొచ్చి పడవలెక్కుతారా?" అని మా ఆవిడ అడిగింది. మావాడు తెడ్డు తుడుచుకుంటూ, "తెలియదత్తా" అన్నాడు.

ఆ రాత్రి మా ఆవిడ వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడుతూ నా విన్యాసాలు ఒకటికి రెండు కలిపి చెప్పింది. ఆవల అత్తగారు అంతా వింది.

"అన్ని నీళ్ళు వదిలారంటున్నావు గదా! మరి వూరు తేలిందా?" అని అడిగింది.