తేలిన రాయి

నలుడు సముద్రముపై రాళ్లు దేల్చెనని పెద్దలు చెప్పగా విన్నపుడెల్ల, రాయి యెట్లు తేలునని నాకు సందియమే. మొన్న సంక్రాంతికి, నార్వే దేశమున స్టవాంగర్ పట్టణమందు ఉద్యోగము చేయు నా తమ్ముడు వచ్చి, అచ్చట లక్షల టన్నుల కాంక్రీటు కట్టడములను నీటిపై దేల్చిరని చెప్పగా నేను నవ్వితిని. "అక్కా, ఇత్తడిబిందె నూతిలో ఏల తేలును? లోన గాలి యున్నందుననే గదా!" యని వాడు నన్ను జూచి నవ్వెను.

సముద్రగర్భమునుండి చమురు, వాయువు తీయుటకై నిలుపు వేదికల పుట్టుక చిత్రమైనది. తీరమున సముద్రమట్టమునకు దిగువగా గొయ్యి త్రవ్వి, నీరు రాకుండ అడ్డుకట్ట వేయుదురు. ఇదియే డ్రైడాకు. ఆ పొడినేలపై, ధాన్యపు గాదెలవంటి గుండ్రని గదులు ఒకదానినొకటి యంటియుండునట్లు అడుగుభాగము పోయుదురు. పిదప నీరు విడువగనే అది తనంత తాను లేచి తేలును. అడ్డుకట్ట తొలగించి, కొండల నడుమ చొచ్చివచ్చిన లోతైన సముద్రపు పాయలోనికి టగ్గుపడవలతో లాగికొనిపోయి, అది తేలుచుండగనే గోడలను రేయింబవళ్లు పైకి పోయుదురు. తుదకు గదులలో నీరు నింపి దాదాపు తలమున్కలుగా ముంచి, వేరుచోట కట్టిన ఉక్కు అంతస్తును పడవలపై దెచ్చి స్తంభములమీద నిలిపి, నీరు తోడి మరల పైకి దేల్చుదురు. కాపురముండు చోటికంటె ఈ ముంచు దినముననే లోతెక్కువ, గండమును అప్పుడే.

స్లైప్నర్-ఎ యను వేదికకు ఆ గండమే వచ్చెను. 82 మీటర్ల లోతున నిలువవలసిన ఆ కట్టడమునకు 24 గదులు. 1991 ఆగస్టు 23న, పై అంతస్తు నెక్కింపకమునుపు పరీక్షకై ముంచుచుండగా లోపల పెద్ద శబ్దమయ్యెను. నీరు చొరబడెను, పంపులు చాలవయ్యెను. పనివారందరు ప్రాణములతో బయటపడిరి. పదునెనిమిది నిమిషములలో అంతటి కోట మునిగి, అడుగున బ్రద్దలై, భూకంపమాపకములమీద 3 అంకె చూపెను.

కారణమడిగితిని. గదులు మూడేసి కలియుచోట నేర్పడిన ముక్కోణపు సందులలో సముద్రపు నీరు నిండి గోడలను నెట్టును. ఆ గోడపై బడు కోత బలమును కంప్యూటరు లెక్క 47 శాతము తక్కువగా చూపెనట. అందలి ఇనుపకడ్డీల పొడవును చాలలేదు. యంత్రము కూడిక తప్పలేదు. దానికి గోడ రూపమును మిక్కిలి ముతక గళ్లుగా విభజించి యిచ్చిరి. చుక్కలు తగ్గించి మెలికముగ్గు వేసిన వంపు తిరుగునా? ఈ మాట నేననగా తమ్ముడు చాలసేపు నన్నే చూచెను.

అంతవరకు పలుకని మావారు, "మరల నెట్లు కట్టిరి?" అని యడిగిరి. "మొదట చేతితో లెక్కలు వేసికొని కట్టిరి, బావగారూ. 1993లోనే వాయువు తీయ నారంభించిరి" అనెను.

మావారు లెక్కల ఉపాధ్యాయులు. నిరుడొక బాలిక జవాబుపత్రమున మార్కులు కూడుటలో పది తప్పిరి. ఆ పిల్ల తల్లి మా గుమ్మమునొద్ద నిలిచి కన్నీరు పెట్టుకొనెను. తప్పు దిద్దిరి గాని, నాటినుండి ప్రతి పత్రమును రెండుమారులు కూడుచు అర్ధరాత్రిదాక మేల్కొందురు. దీపమార్పుడని నేను విసుగుకొనని రాత్రి లేదు. ఈ చాదస్తమేమని తమ్మునితోను అంటిని, అదియు వారు వినుచుండగనే.

ఆ రాత్రి వంటిల్లు సర్ది వారి యెదుట కూర్చుంటిని. వారు వింతగా జూచి యొక కట్ట నావైపు త్రోసిరి. నేను చదువగా వారు కూడిరి. వారు చదువగా నేను కూడితిని. నాలుగవ పత్రమున మా మొత్తములు కలియలేదు.